పాతర జొన్నల ఊపిరి

ఈ సంగతిలో అబద్ధాలు రెండున్నాయి. రెండూ నేను చెప్పినవే. మొదటిది సరదాకు చెప్పాను. దాన్ని నమ్మి ఒక ఊరు తన విత్తనాలను తానే తినేసింది. రెండోది భయంతో చెప్పాను. దాని ఫలితం చదివాక మీరే తేల్చుకోండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గర నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నాకు అలవాటే.

నేను పెన్షన్ తీసుకొని రెండేళ్లయింది. ఇప్పుడు వ్యవసాయ శాఖలో చేరుతున్న పిల్లలు ముద్ర వేసిన విత్తనాల సంచులు పట్టుకొని ఊళ్లకు పోతున్నారు. నూటికి ఎన్ని మొలుస్తాయో ముద్ర మీదే ఉంటుంది. ఆ అంకె ఎట్లా పుడుతుందో వాళ్లలో ఎవరైనా నన్ను అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం నా జబ్బు.

అవి నిజాం సర్కారు రోజులు. ఎక్కడో దూరాన పెద్ద యుద్ధం నడుస్తోంది. దాని పేరు చెప్పి ఇక్కడ లెవీ కింద ఇంటింటి ధాన్యం తీసుకుపోతున్నారు. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో జిరాయత్ మహకమాలో, అంటే వ్యవసాయ శాఖలో, కామ్‌దారుగా ఉండేవాణ్ణి. పేరు పెద్దది, పని చిన్నది. ఊళ్లు తిరగాలి. ఏ ఊళ్లో ఏ విత్తనం ఉందో చూడాలి. నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టాలి. మూడు రోజులయ్యాక విప్పి ఎన్ని మొలిచాయో ఫారం మీద రాయాలి. ఫారంలో రెండే గడులు: బతికినవి, చచ్చినవి. రాయడం కాగానే మొలకల్ని గోడ అవతల పారేసి ఇంకో ఊరి దారి పట్టాలి.

సాయంత్రాలు చావడి అరుగు మీద కూర్చునేవాణ్ణి. కథ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. ఆత్మకూరు దగ్గర కృష్ణలో నా పుట్టి తిరగబడితే ఒక మొసలి వీపు మీద ఎక్కించుకొని ఒడ్డుకు చేర్చిందనీ, దిగాక కిరాయి అడిగిందనీ చెప్పాను. నల్లమలలో ఒక ఎలుగుబంటి నా గొడుగు బదులడిగి పట్టుకుపోయి, వాన వెలిశాక మడిచి తెచ్చి ఇచ్చిందని చెప్పాను. జనం నవ్వేవారు, మజ్జిగ పోసేవారు, మర్నాడు అడిగిన గింజలు తెచ్చిచ్చేవారు. కథలు రాని కామ్‌దారుకు ఊరు నూరు గింజలు కూడా ఇవ్వదు. ఇది శాఖ పుస్తకాల్లో రాయలేదు.

మా పై అధికారి హైదరాబాదులో జీవశాస్త్రం చదువుకొని వచ్చిన యువకుడు. నెలకొకసారి కామ్‌దార్లందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. ఒక రోజు జీవం అంటే ఏమిటో చెప్పాడు. కదిలేది, తినేది, ఊపిరి తీసేది, పెరిగేది, తనలాంటి దాన్ని కనేది అంటూ ఒక్కొక్క వేలే మడిచి, ఇవి ఉంటే జీవం ఉన్నట్టు అన్నాడు.

“జొన్నగింజ కదలదు, తినదు, పెరగదు గద సాబ్?” అన్నాను.

“అది నిద్రపోతుంది. నిద్రలో ఊపిరి తీస్తుంది. చాలా మెల్లగా, మనకు తెలియనంత మెల్లగా.”

“మన దఫ్తరుల గుమాస్తా గూడ గంతే గద సాబ్. కదలడు, పెరగడు.”

“అతను తింటాడు,” అన్నాడు మా అధికారి నవ్వకుండా. నిజమే, ఆ ఒక్క వేలు మడవక తప్పదు.

గింజ నిద్రపోతూ ఊపిరి తీస్తుందన్న మాట నాకు తెగ నచ్చింది. నచ్చిన మాటను ఊరికే దాచుకునే మనిషిని కాను.

అచ్చంపేటకు బండి మీద ఒక పూట ప్రయాణంలో వాన మీదే పండే ఎర్ర చెలకల మధ్య ఒక ఊరు ఉండేది. ముప్పై రెండు ఇళ్లు. పండేది పచ్చజొన్న, ఆముదం. ఆ ఊళ్లో జొన్నలను రెండు చోట్ల దాచేవారు. తినే జొన్నలు భూమిలో, పాతరలో. మనిషి నిలువు కన్నా లోతుగా బాన ఆకారంలో గుంత తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి, పైన మట్టి కప్పేస్తారు. విత్తే జొన్నలు పొయ్యికి పైన, సొరబుర్రలో. మంచి కంకులు ఏరి, ఆ గింజల్ని బూడిదలో కలిపి, ఎండిన సొరబుర్రలో పోసి, మూతికి పేడ మెత్తి, వంటింటి దూలానికి కట్టేస్తారు. పాతర మగవాళ్ల చేతిలో ఉంటుంది, బుర్ర ఆడవాళ్ల చేతిలో. పాతర గింజ విత్తకూడదని ఊరందరికీ తెలుసు. ఎందుకు విత్తకూడదని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ ఏడు ఉగాది వెళ్లిన కొత్తలో నేను ఆ ఊరి చావడిలో కూర్చున్నాను. ఊరి పటేలు యాభై ఏళ్ల మనిషి. నవ్వే ముందు పక్కవాళ్లు నవ్వుతున్నారా అని చూసుకొని నవ్వేవాడు.

“సారు, గింజకు ఆయుష్షు ఎన్నేండ్లుంటది?” అని అడిగాడు.

రెండేళ్లో మూడేళ్లో అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ అంతకు ముందు వారమే ఒక పత్రికలో ఒక ముక్క చదివాను. ఎడారి దేశంలో ఒక రాజును మూడు వేల ఏళ్ల కింద పాతిపెట్టారట. సమాధిలో ఆయన పక్కన ఒక కుండెడు గోధుమలు పెట్టారట. ఈ మధ్య తవ్వి తీసి, తడిపి నాటితే మొలిచాయట. నేను దానికి మా అధికారి చెప్పిన నిద్ర, ఊపిరి కలిపాను. గింజ రాజు పక్కనే పడుకొని మూడు వేల ఏళ్లు నిద్రపోయిందనీ, తడి తగలగానే కళ్లు నులుముకుంటూ లేచిందనీ చెప్పాను.

ఊళ్లో అందరికీ ఏదో ఒక వరుసలో అవ్వ అయిన ఒక ముసలామె అరుగు కింద కూర్చొని ఉంది. మూడెకరాల చెలక ఒంటరిగా చేసుకుంటుంది. “ఏం రాజు కొడుకా, సచ్చెటప్పుడు గూడ మూట గట్టుకొని వోయిండు,” అంది. “మొలిచినయి సరే. మల్ల కోసిందెవలు?”

“ఆ రాజే లేసి కోసిండవ్వా,” అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వారు కాబట్టి నమ్మలేదనుకున్నాను. అక్కడే నా లెక్క తప్పింది. రాజు లేచి కోత కోయడాన్ని వాళ్లు కథ కింద వేసుకున్నారు. గింజ మొలవడాన్ని సర్కారు మనిషి చెప్పిన మాట కింద వేసుకున్నారు.

ఆ పత్రికలో రాసింది కూడా బూటకమేనని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ సమాధుల దగ్గర తిరిగే అమ్మకందార్లు నిరుటి గోధుమలు తెచ్చి రాజుగారివని పరదేశీయులకు అంటగట్టేవారట. నాకన్నా పెద్దవాళ్లు ఆ విద్యలో అక్కడ ఉన్నారన్నమాట.

రోహిణి చివరి రోజుల్లో మళ్లీ ఆ ఊరు పోయాను. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చేలోగా ప్రతి ఊరి విత్తనం పరీక్ష పూర్తి కావాలి. ముందు అవ్వ ఇంటికే పోయాను, ఆమె గింజ ఎప్పుడూ నూటికి తొంభై మొలిచేది.

“బుర్ర దించవ్వా. నూరు గింజలు కావాలె.”

“దించెతందుకు ఏమున్నది కొడుకా. తిన్నం.”

“ఎవలు తిన్నరు?”

“నేను తిన్న. ఊరంత తిన్నది. నిరుడు పండలే, పండినంత లెవీకి వాయె. పాతర తెరుద్దమంటె తెరిసినంక మొత్తం తియ్యాలె, ఉంచితె మురిగిపోతది. తీస్తె మల్ల లెవీవోళ్లు వాల్తరు. అందుకని ఎండకాలం బుర్రలు తిందము, మిరుగం నాడు పాతర తెరిసి ఇత్తుదము అని పటేలు జెప్పిండు.”

“పాతరది ఇత్తొద్దు గద?”

“నువ్వే గద జెప్పినవు, మూడు వేల ఏండ్లయిన లేస్తయని. మాది మూడేండ్లదే నాయె.”

ఆమె ఎగతాళి చేయడం లేదు. జొన్నరొట్టె ఎట్లా కాల్చాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. అప్పటిదాకా నా కథలకు ఎవరూ ఏమీ చెల్లించలేదు, ఒక గ్లాసు మజ్జిగ తప్ప. ఇప్పుడు ముప్పై రెండు ఇళ్లు తమ విత్తనం చెల్లించాయి. పాతరలో గింజ చచ్చి ఉంటే, మొదటి వానకు విత్తింది మట్టిలోనే ఉండిపోతుంది. మళ్లీ విత్తడానికి ఊళ్లో గింజ ఉండదు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా అంతే, అందరి ధాన్యం లెవీకి పోయింది. ఒక ఏడు జొన్న లేదంటే ఆ ఊరికి తిండీ లేదు, గొడ్లకు చొప్పా లేదు.

మర్నాడు పొద్దున పాతర తెరిచారు. అది పటేలు గొడ్లకొట్టం కింద ఉంది. మట్టి తవ్వి బండ లేపగానే వేడి ఆవిరి ఒకటి పులిసిన వాసనతో మొహానికి కొట్టింది. మధ్యాహ్నం దాకా ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. తర్వాత ఒక కంచుట్లో, అంటే మూకుడు లాంటి మట్టి పాత్రలో, దీపం వెలిగించి తాడు కట్టి లోపలికి దించారు. రెండు మూరలు దిగిందో లేదో దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించారు. మళ్లీ ఆరింది. ఒకడు ధోవతి ఎగగట్టి నేను దిగుతానని ముందుకు వచ్చాడు.

“జర ఆగుర,” అంది అవ్వ. “దీపం బతకని కాడ నువ్వేం బతుకుతవు?”

“ఎందుకు ఆరుతాంది సారు?” అని పటేలు నన్ను అడిగాడు.

నేను సంతోషంగా చెప్పాను. గింజలు మూడేళ్ల నుంచి లోపల ఊపిరి తీశాయి, మంచి గాలి మొత్తం వాడుకున్నాయి, దీపానికి ఏమీ మిగలలేదు అన్నాను. మా అధికారి పాఠం కళ్ల ముందు రుజువవుతుంటే ఆ క్షణంలో నాకు పాతరా గుర్తు లేదు, ఊరూ గుర్తు లేదు.

“అయితె గింజ ఊపిరి దీస్తది.”

“తీస్తది.”

“ఊపిరి దీసేది బతికున్నట్టా, సచ్చినట్టా?”

“బతికున్నట్టే,” అన్నాను.

పటేలు ఊరి వైపు తిరిగి చేతులు తుడుచుకున్నాడు. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం లేదన్నట్టు.

నేనిప్పటికీ ఆ దీపం గురించి ఆలోచిస్తుంటాను. గింజలు ఊపిరి తీశాయని అది చెప్పింది. ఎప్పటిదాకా తీశాయో చెప్పలేదు. మూసిన గుంతలో అవి ఉన్న గాలినంతా తాగి, తమ వేడికి తామే ఉడికి, ఎప్పుడో ఒకనాడు ఆగిపోయి ఉంటాయి. ఖాళీ అయిన కల్లుకుండను చూసి తాగినవాడు మెలకువగా ఉన్నాడని చెప్పలేం. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. శాస్త్రంలో ఒక ముక్క తెలిసినవాడికి వచ్చే ధైర్యం ఏమీ తెలియనివాడికి రాదు.

మూతి దగ్గర రోజంతా చాటలతో విసిరాక దీపం నిలిచింది. జొన్నలు బయటికి తీశారు. కొట్టం నిండా పోశారు. గింజ గట్టిగానే ఉంది కానీ రంగు కమిలింది, నిగారింపు తగ్గింది, పాతర వాసన పట్టి ఉంది. నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టాను. మూడు రోజులయ్యాక విప్పాను. నాలుగు మొలిచాయి. తొంభై ఆరు ఉబ్బి మెత్తబడి ఉన్నాయి.

చావడిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. పాతర గింజ తినడానికి పనికొస్తుంది, విత్తడానికి పనికిరాదు అన్నాను.

పటేలు నా వైపు తిరిగాడు. “ఉగాదికేమో మూడు వేల ఏండ్లు బతుకుతది అంటిరి. ఇప్పుడేమో మూడేండ్లకే సచ్చింది అంటున్నరు. నడుమ లెవీ సారు ఎవలన్న కలిసిండ్రా?”

“లెవీకి దీనికి ఏం సంబంధం పటేలా?”

“ఇత్తనం గాదు అని మీరు రాసిస్తె, ఇగ అది తిండిగింజ. తిండిగింజ అయితె లెవీకి పోతది. మాకు గంత తెల్వదా?”

ఇది నేను ఊహించలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. ఇక దాచి లాభం లేదని, రాజుగారి గోధుమల కథ అబద్ధమని ఒప్పుకున్నాను. సరదాకు చెప్పానన్నాను.

వెనుక నుంచి ఒకతను అడిగాడు. “అబద్ధాలు జెప్పిన అని ఒప్పుకున్నోని మాట నమ్మాల్నా, నమ్మొద్దా సారు?”

చావడి అంతా నవ్వింది. ఆ ప్రశ్నకు తత్వశాస్త్రం చదివినవాళ్లు కూడా ఇప్పటిదాకా జవాబు చెప్పలేకపోయారని తర్వాత విన్నాను. నేనయితే ఆ రోజు అసలు ప్రయత్నించలేదు.

“మా పరీక్ష మాకున్నది,” అన్నాడు పటేలు. “కంచుళ్లు పెడ్దము. ఇంటికొకటి. ఏం లేస్తదో ఊరే చూస్తది.”

ఏటా మిరుగానికి ముందు ఆ ఊళ్లో ప్రతి ఇంటి కోడలు ఒక కంచుట్లో పెంటమట్టి నింపి, పిడికెడు జొన్నలు వేసి, నీళ్లు చల్లి మొలిపిస్తుంది. అయిదో రోజు అందరూ చావడికి తెచ్చి చూసుకుంటారు. నా తడిగుడ్డ కన్నా ఎంతో పాత పరీక్ష. ఎప్పుడూ బుర్ర గింజతో చేసేవారు, ఈసారి పాతర గింజతో. నేను వెంటనే ఒప్పుకున్నాను. ముప్పై రెండు కంచుళ్లు బోసిగా వస్తే నా మాట నమ్మక తప్పదు కదా. కొట్టంలోని కుప్ప నుంచి ఇంటికి ఒక పిడికెడు చొప్పున పటేలు తన చేత్తోనే పంచాడు.

అయిదో రోజు పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. విత్తే గొర్రులు సిద్ధం చేసుకొని ఊరంతా వాన కోసం చూస్తోంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కంచుళ్లు వరుసగా పెట్టారు. నేను లెక్కపెట్టాను. తొమ్మిది బోసిగా ఉన్నాయి, నూటికి ఆ నాలుగు కూడా ఇంకా మట్టి పైకి రాలేదు. ఇరవై మూడు పచ్చగా, గుబురుగా లేచి ఉన్నాయి. అన్నింటికన్నా దట్టంగా లేచింది పటేలు కోడలి కంచుడు. చిలుక రంగు మొలకలు, వేలెడెత్తు.

“చూసిండ్రా సారు,” అన్నాడు పటేలు. అతని గొంతులో గెలుపు కన్నా ఊరట ఎక్కువగా ఉంది. “వాన మొదలైతె ఇత్తుడు మొదలు.”

నేను ఫారం తీశాను. నాలుగు అని రాసి ఉంది. రబ్బరు కూడా బయటికి తీశాను. ఏం దాచుకోను, ఆ క్షణంలో నా అబద్ధాన్ని నేనే నమ్మబోయాను. బహుశా నా గుడ్డలో తడి ఎక్కువైందేమో, బహుశా నా నూరు గింజలే కుప్ప అడుగువేమో అనుకున్నాను. మూడు వేల ఏళ్ల కింది రాజు కూడా ఒకసారి కళ్లు నులుముకున్నాడు.

అయినా చేతి అలవాటు పోదు. పటేలు కోడలి కంచుట్లోంచి ఒక మొలకను వేరుతో సహా పైకి తీశాను. వేరుకు గింజ పెంకు ఇంకా అంటుకొని ఉంది. పసుపుగా ఉంది, కమిలిన జాడ లేదు. వాసన చూశాను, పాతర వాసన లేదు. మట్టిలో వేలు పెట్టి తిప్పితే సన్నని బూడిద రేణువులు కనిపించాయి. పాతర జొన్నకు బూడిద కలపరు.

తల ఎత్తితే పటేలు కోడలు నన్నే చూస్తోంది. పెళ్లయి నాలుగేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటోంది.

నేను మొలకను మళ్లీ మట్టిలో గుచ్చి, వరుస చివర ఉన్న అవ్వ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె కంచుడు బోసిగా ఉంది.

“అవ్వా, నీ ఒక్కదాని కంచుట్లనే నిజం పాతర జొన్నలున్నట్టున్నయి,” అన్నాను మెల్లగా.

“తక్కిన ఎనిమిదింటివి గూడ నిజమే. ఆళ్ల కాడ నిజంగనే ఏం లేకుండె.”

“మరి ఈ ఇరవై మూడు?”

“బుర్రల ఒకలు దోసెడు, ఒకలు సగం బుర్ర ఉంచుకున్నరు. ఆడిది మొత్తం ఊడ్సి వండుతదా కొడుకా. మొగనికి గూడ జెప్పలే.”

“మరి పాతర గింజ వెయ్యక అవి ఎందుకేసిండ్రు?”

ఆమె నన్ను జాలిగా చూసింది. “కంచుడు బోసిపోతె ఊరు గింజను అనదు. నీళ్లు వోసిన చేతిని అంటది. ఆ పొల్ల మీద ఇప్పటికే నాలుగేండ్ల సంది అంటనే ఉన్నది. ఇగ బోసి కంచుడు గూడ తెస్తె ఆమె ఆ ఇంట్ల ఉంటదా? నేనంటె ముసలిదాన్ని. నన్నెవలేమంటరు, నాకేం ఫికర్.”

ఊరి శాస్త్రం, మా శాఖ శాస్త్రం ఒకే చోట తప్పుతాయని అప్పుడు అర్థమైంది. పరీక్షలో గింజ ఒక్కటే ఉందనుకుంటాం. గింజను పట్టుకున్న చేయి కూడా పరీక్షలోనే ఉంటుంది.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఆ బూడిద ఊరికి చూపిస్తే పాతర గింజ చచ్చిందని క్షణంలో రుజువవుతుంది. ఊరు విత్తడం ఆగుతుంది. ఇరవై ముగ్గురు ఆడవాళ్లు, ముఖ్యంగా ఆ పిల్ల, ఏమవుతారో నాకు తెలియదు. చూపించకపోతే ఊరంతా చచ్చిన గింజ విత్తుతుంది. కానీ ఇంకో సంగతి కూడా ఆ బూడిదలోనే ఉంది. ఊళ్లో అసలు లేదనుకున్న మంచి విత్తనం ఉంది. ఇళ్ల దూలాలకు వేలాడుతూ, మొగుళ్లకు కూడా తెలియకుండా, నిక్షేపంగా ఉంది.

నేను లేచి నిలబడ్డాను. చేతనైన పని ఒకటే.

“పటేలా, నాదే తప్పు,” అన్నాను. “పాతరల జొన్నలు రెండు తీర్లున్నయి. నా గుడ్డల వడ్డయి సచ్చిన పొరవి. ఈ కంచుట్ల లేసినయి బతికిన పొరవి. ఇప్పుడు కుప్పల రెండు గలిసిపోయినయి. అట్లనే ఇత్తితె చెలక అంత మచ్చలు మచ్చలు లేస్తది.”

“మరెట్ల?”

“ఏరాలె. మా మహకమ మిషన్లకు గూడ కాదు. ఈ కంచుళ్లు లేపిన చేతులకే అయితది. ఇంటికి ఇంత పాతర జొన్న కొంచవోయి, బతికినయి ఏరి, పొద్దుగూకెలోపల తెచ్చి చావడి వెనుక అర్రల పొయ్యమను. ఎవలెంత తెచ్చిండ్రో చూసుడు లేదు. తెచ్చింది ఊరందరి ఇత్తనం. నేను అరుగు మీద అటు మొఖం వెట్టి కూసుంట.”

“సూస్తె ఎరుకైతదా, ఏది బతికిందో?” అని అడిగాడు ఇందాక నన్ను నవ్వులపాలు చేసినతను.

“మొగోళ్లకు కాదు.”

ఆడవాళ్లలో ఎవరో గట్టిగా నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పటేలు కోడలు మాత్రం నవ్వలేదు. తన కంచుడు తీసుకొని అందరికన్నా ముందు ఇంటికి పోయింది.

పొద్దంతా అరుగు మీద దారి వైపు మొహం పెట్టి కూర్చున్నాను. వెనుక నుంచి అడుగులు వినిపించేవి, కడియాలు వినిపించేవి, జొన్నలు జొన్నల మీద పడే చప్పుడు వినిపించేది. ఒక్కొక్కసారి అది దోసెడు చప్పుడు, ఒక్కొక్కసారి చాటెడు చప్పుడు. మధ్యాహ్నం కాసేపు ఏ చప్పుడూ లేదు. ఈ కథ కూడా కథగానే మిగులుతుందేమో అనుకున్నాను. సాయంత్రానికి మళ్లీ అడుగులు మొదలయ్యాయి. ఎవరైనా ఒకరు తెస్తే తప్ప రెండోవాళ్లు తేరు, మరి మొదటి దోసెడు ఎవరు పోశారో నేను చూడలేదు. చూడనన్నాను కాబట్టి చూడలేదు. నా ఉద్యోగంలో మాట మీద నిలబడిన రోజులు తక్కువే, అందులో అదొకటి.

పొద్దు గూకుతుండగా పటేలు వచ్చాడు. ఇద్దరం అర్రలోకి పోయాం. మోకాలెత్తు కుప్ప. పసుపుపచ్చని గింజ. పటేలు అందులో చేయి దూర్చి గుప్పెడు తీశాడు. వేళ్ల సందుల్లోంచి గింజలు జారిపోయాక అరచేయి బూడిద రంగులో ఉంది. ఆ చేతిని అతను తిప్పి చూశాడు.

“పాతరల బూడిద ఎక్కడిది సారు?”

“గడ్డి కాలి ఉంటది పటేలా. లోపల వేడి గద.”

అతను నా వైపు చూడలేదు. చేతిని ధోవతికి తుడుచుకున్నాడు. ఒక అంచు తుడిచి, మళ్లీ రెండో అంచుకు తుడిచాడు.

“అయి ఉంటది,” అన్నాడు. “లోపల మస్తు వేడి ఉండె.”

ఆ గింజ ఊరి చెలకల్లో మూడో వంతుకు సరిపోయింది. ఇళ్ల చొప్పున పంచారు, బోసి కంచుళ్ల ఇళ్లతో సహా. మిగిలిన చెలకల్లో ఆముదం వేశారు, ఉలవలకు కొంత వదిలారు. పాతర జొన్నలు లెవీవాళ్లు వాలేలోగా ముప్పై రెండు ఇళ్లలోనూ రొట్టెలయ్యాయి, అంబలి అయ్యాయి. తినేవాడికి గింజ బతికి ఉన్నా చచ్చి ఉన్నా కడుపు నిండడం ఒకటే. మా అధికారికి ఫారం పంపాను. నూటికి నాలుగు బతికినవి, తొంభై ఆరు చచ్చినవి. కంచుళ్ల సంగతి రాయలేదు. ఫారంలో దానికి గడి లేదు.

వాన మూడో రోజు పడింది. నేను ఆ రోజే ఇంకో ఊరికి పోవాల్సి ఉంది. చెలకల మీదుగా నడుస్తుంటే మగవాళ్లు గొర్రులు తోలుతున్నారు. ఆడవాళ్లు మాత్రం చాళ్ల చివర కంచుళ్లు చంకన పెట్టుకొని వంగి ఉన్నారు. పచ్చగా లేచిన మొలకల్ని ఒక్కొక్కటే తీసి, తడి మట్టిలో వేలితో గుంత చేసి నాటుతున్నారు. పటేలు కోడలి కంచుడు సగం ఖాళీ అయింది.

నేను కొంచెం సేపు నిలబడి చూశాను. అప్పటిదాకా ఎన్ని ఊళ్లలో ఎన్ని వందల గింజలు బతికున్నాయని నిరూపించానో లెక్క లేదు. వాటిలో ఒక్కటీ కంకి వేయలేదు. బతికుందని తేలిన మరుక్షణం దాన్ని గోడ అవతల పారేసేవాణ్ణి. పరీక్ష పెట్టని గింజలే పంటకు వచ్చేవి. ముప్పై ఏళ్లూ ఆ పని అట్లాగే చేశాను, నియమం అదే కాబట్టి.

అవ్వ తన చెలక మూల కూర్చొని ఉంది. ఆమె కూడా కంచుడు తెచ్చుకుంది, ఆ బోసిదాన్నే. అందులోని మట్టిని పిడికెడు పిడికెడు తీసి చాలులో పోస్తోంది.

“అవ్వా, అండ్ల ఏం లేదు గద,” అన్నాను. “పాతర జొన్నలు. సచ్చినయి.”

“నూటికి నాలుగు లేస్తయంటివి గద కొడుకా.”

“లేస్తయి.”

“ఆ నాలుగు ఎవల కంచుట్ల వడ్డయో జెప్పు. నా దాంట్ల లేకుంటె పారబోస్త.”

దానికి నా దగ్గర కథ కూడా లేదు. ఆమె కంచుడు బోర్లించి, అడుగున అంటుకున్న మట్టిని కూడా వేలితో గీకి చాలులో వేసింది. తర్వాత పాదంతో కప్పి, మెల్లగా అదిమింది.